అప్‌డేట్: గాంధారం, మధ్యమం తేడా ఇప్పుడు చెవికి అందుతోంది (విజయవాడ)

మాయామాళవగౌళలో (కర్ణాటక సంగీతంలో మొదట నేర్పే రాగం) గాంధారం (గ), మధ్యమం (మ) ఒకేలా వినిపిస్తున్నాయి, చూడకుండా ఏ స్వరమో చెప్పలేకపోతున్నాను అని ఇక్కడే అడిగాను. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. సమస్య చాలావరకు తీరింది.

పనిచేసిన సలహా: పేరు చెప్పే తొందర మానేసి, విన్న స్వరాన్ని గొంతులో పట్టుకుని షడ్జం (స) దాకా ఒక్కో స్వరం దిగడం. తమ్ముడు హార్మోనియం మీద గ, మలలో ఏదో ఒక మెట్టు నొక్కుతాడు, నేను దిగుతాను. మ నుంచి గ అరస్వరమే, పక్క మెట్టే. గ నుంచి రి మాత్రం మూడు మెట్లు, పెద్ద గెంతు. మొదటి అడుగు చిన్నదైతే అది మ, పెద్దదైతే గ. అంతే!

సత్యనారాయణపురంలో ఒక సంగీతం టీచర్‌కి కూడా వినిపించాను. ఫోన్ స్పీకర్లో తంబురా పెడితే మంద్ర షడ్జం (కింది స) దాదాపు వినపడదు, ఆధారం లేకుండా స్వరం ఎలా పోలుస్తావు అన్నారు. పెద్ద స్పీకర్‌కి కలిపాక నిజంగానే తేలికైంది.

చెవి పరీక్ష నార్మల్, వినికిడి లోపమేమో అన్న టెన్షన్ అనవసరం. 440 హెర్ట్జ్ (పాశ్చాత్య సంగీతంలో స్థిరమైన శ్రుతి) ట్యూనర్ యాప్ కూడా ఉపయోగపడలేదు, మన షడ్జం పాడేవాళ్ల శ్రుతిని బట్టి మారుతుంది కదా. రెండో కాలంలో (రెట్టింపు వేగంలో) ని, పై స మాత్రం ఇంకా తడబడుతున్నాయి.