మహిళల శ్రామికశక్తి భాగస్వామ్యం 23 నుంచి 42 శాతానికి పెరిగిందంటే ఉద్యోగాలు పెరిగినట్టేనా? విశాఖ ప్రాజెక్టుకు సాయం కావాలి

ప్రశ్న (ఎం.ఏ. ఎకనామిక్స్ విద్యార్థిని, మద్దిలపాలెం)
నమస్కారమండీ. విశాఖలో ఉపాధి తీరుపై ప్రాజెక్టు చేస్తున్నాను. పీఎల్ఎఫ్ఎస్ (ఉపాధిపై కేంద్ర గణాంక శాఖ చేసే సర్వే) ప్రకారం 15 ఏళ్లు, ఆపై వయసు మహిళల్లో శ్రామికశక్తి భాగస్వామ్యం 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. ఆడవాళ్లకు ఉద్యోగాలు దాదాపు రెట్టింపయ్యాయని రాయొచ్చా? విశాఖ జిల్లా అంకె ఎలా తీయాలి?

జవాబు (సర్వే డేటాతో పనిచేసేవారు)
అలా రాయొద్దమ్మా. ఆ అంకెలో పని చేస్తున్నవాళ్లూ పని వెతుక్కుంటున్నవాళ్లూ ఇద్దరూ ఉంటారు. చేసేది ఏ రకం పనో సర్వేలో ఒక్కొక్కరికి ఇచ్చే స్టేటస్ కోడ్ చెబుతుంది. 11 అంటే సొంత పని, 12 అంటే మనుషుల్ని పెట్టుకుని నడిపేవాళ్లు, 21 అంటే ఇంటి సేద్యంలోనో వ్యాపారంలోనో జీతం లేకుండా సాయపడేవాళ్లు. 31 జీతగాళ్లు, 41, 51 కూలీలు, 81 పని వెతుక్కునేవాళ్లు, 91 చదువు, 92, 93 ఇంటిపని. ఫిషింగ్ హార్బర్‌లో సొంత పెట్టుబడితో చేపలు కొని అమ్మే ఆవిడ 11. భర్త వ్యాపారానికి చేపలు ఎండబెట్టే ఆవిడ 21. ఆవిడ చేతికి పైసా రాదు, అయినా లెక్కలో ఇద్దరూ 'ఉపాధి ఉన్నవారే'.

ఇప్పుడు లెక్క చూడు. దేశంలో పనిచేస్తున్న మహిళల్లో స్వయం ఉపాధివాళ్ల (11, 12, 21 కోడ్లు కలిపి) వాటా 51.9 నుంచి 67.4 శాతానికి పెరిగింది, జీతగాళ్ల వాటా 21.0 నుంచి 15.9కి తగ్గింది. దీన్ని చూసి జీతం ఉద్యోగాలే తగ్గాయనుకుంటే అదీ పొరపాటే. వాటాను పనిచేసేవాళ్ల శాతంతో (2017-18లో 22.0, 2023-24లో 40.3) గుణించాలి. నూరుమంది మహిళల్లో జీతం మీద ఉన్నవాళ్లు రమారమి 4.6 నుంచి 6.4కి పెరిగారు. స్వయం ఉపాధిలో ఉన్నవాళ్లు 11.4 నుంచి 27.2కి పెరిగారు. మొత్తం పెరుగుదల 18.3 పాయింట్లలో దాదాపు 16 స్వయం ఉపాధిదే. నీ ప్రాజెక్టుకు అసలు ఫలితం ఇదే, మొదటి పేజీలోనే పెట్టు.

వయసును 15-19, 20-24, 25-29, 30-44, 45-59 అని విడగొట్టు. 15-19లో భాగస్వామ్యం తక్కువుంటే కంగారుపడకు, ముందు కోడ్ 91 చూడు. కాలేజీకి వెళ్లే పిల్ల పని చేయకపోవడం మంచిదే. 25-29లో 92, 93 ఎంతున్నాయో చూడు. పెళ్లి, పిల్లల పెంపకం ప్రభావం కనబడేది అక్కడే.

జవాబు (గణాంక శాఖ అధ్యాపకులు)
జిల్లా విషయంలో చాలా జాగ్రత్త కావాలి. 2022 ఏప్రిల్ 4న పాత విశాఖ జిల్లా మూడు ముక్కలైంది. పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురంలో ఎక్కువగా ఆడపిల్లలే పనిచేసే బట్టల ఫ్యాక్టరీలు అనకాపల్లి జిల్లాకి వెళ్లాయి. పాడేరు, అరకు ఏజెన్సీ అల్లూరి జిల్లాకి వెళ్లింది. పొలం పనులకు వెళ్లే గిరిజన మహిళలు ఒక్కసారిగా లెక్కలోంచి తప్పుకుంటే జిల్లా సగటు మారుతుంది, ఎవరి పనీ పోకుండానే. 2018నీ 2023నీ పక్కపక్కన పెట్టకండి.

పైగా 2024 వరకు సర్వే దేశం మొత్తానికి కలిపి దాదాపు లక్ష కుటుంబాలదే. ఒక జిల్లాలో, అందులో మహిళలు, అందులో 20-24 వయసు అని విడగొడుతూ పోతే మిగిలేది కొద్దిమంది. ఆ శాతానికి విలువ లేదు. ఆంధ్రప్రదేశ్ పట్టణ ప్రాంతం అంకె తీసుకుని, విశాఖ గురించి సొంత చిన్న సర్వే జోడించండి.

యూనిట్ స్థాయి డేటా (ఒక్కో మనిషి వివరాలు విడిగా ఉండేది) గణాంక మంత్రిత్వ శాఖ మైక్రోడేటా సైట్‌లో ఉచితం. ఇంటికి మొదటిసారి వెళ్లినప్పటి తొలి విజిట్ ఫైలే వాడండి. పట్టణాల్లో అదే ఇంటికి మళ్లీ వెళ్లినప్పటి రీవిజిట్ ఫైల్ కూడా కలిపితే ఒకే మనిషిని మళ్లీ మళ్లీ లెక్కపెట్టినట్టవుతుంది. మల్టిప్లయర్‌ను (సర్వేలో ఒక్కరు జనాభాలో ఎంతమందికి లెక్కో చెప్పే అంకె) ఎంతతో భాగించాలో డేటాతో వచ్చే రీడ్‌మీలో ఉంటుంది, అది చదవకుండా మొదలుపెట్టొద్దు. ముందు దేశం మొత్తానికి 23.3, 41.7 వస్తున్నాయో లేదో సరిచూసుకుని, ఆ తర్వాతే రాష్ట్రానికి రండి.

ప్రశ్న
చాలా థాంక్సండీ. తరగతిలో ఇచ్చిన ఉదాహరణలో వెయ్యిమంది మహిళలు, 400 మందికి పని ఉంది, 20 మంది వెతుకుతున్నారు. నాకు నిరుద్యోగం 2 శాతం వచ్చింది, తప్పన్నారు. సొంత సర్వేలో ఏమడగాలి?

జవాబు (సర్వే డేటాతో పనిచేసేవారు)
20ని వెయ్యితో కాదు, 420తో భాగించాలి. 4.8 శాతం. ఇంట్లో ఉన్న 580 మంది నిరుద్యోగులు కారు.

సర్వేలో 'ఉద్యోగం చేస్తున్నారా?' అని అడిగితే గాజువాకలో ఇంట్లోనే కుట్టుమిషన్ నడిపే ఆవిడ లేదనే చెబుతుంది. 'పోయిన ఏడు రోజుల్లో గంటసేపైనా డబ్బొచ్చే పని గానీ, ఇంటివాళ్ల వ్యాపారంలో, పొలంలో సాయం గానీ చేశారా?' అని అడుగు. ఇది ఏడు రోజుల లెక్క, నువ్విచ్చిన ఏడాది అంకెలతో నేరుగా పోల్చొద్దు. ఇంటి గేదెను మేపి పాలు పితికితే అది పనే, పాలు ఇంట్లోకే అయినా సరే. ఇంట్లోకి ఆవకాయ పెడితే లెక్కలోకి రాదు. ఆడవాళ్ల కష్టానికి ఇది న్యాయం కాదని నా అభిప్రాయం, కానీ నిర్వచనం మారిస్తే పోలిక పోతుంది. అందుకే దాన్ని వేరే కాలమ్‌లో రాసుకో. జీతగాళ్లను రాతపూర్వక ఒప్పందం, జీతంతో సెలవు, పీఎఫ్ ఉన్నాయా అని తప్పక అడుగు. స్టీల్‌ప్లాంట్ పర్మనెంట్ ఉద్యోగి, నెలనెలా జీతం అందుకునే కాంట్రాక్టు కార్మికుడు ఇద్దరూ 31లోనే పడతారు.

ప్రశ్న
ఈపీఎఫ్ఓ (పీఎఫ్ సంస్థ) నెలవారీ లెక్క, పీఎల్ఎఫ్ఎస్ 2025 నెలవారీ బులెటిన్లు కూడా కలపొచ్చా?

జవాబు (గణాంక శాఖ అధ్యాపకులు)
ఈపీఎఫ్ఓ లెక్కను కొత్త ఉద్యోగాలుగా చూపించొద్దు. 20 మంది, అంతకంటే ఎక్కువ ఉన్న సంస్థ పీఎఫ్‌లో కొత్తగా చేరితే అక్కడి పాతవాళ్లూ కొత్త చందాదారులుగానే కనిపిస్తారు. 2025 జనవరి నుంచి పీఎల్ఎఫ్ఎస్ నమూనా పద్ధతి మారింది. నెలవారీ అంకెలు పోయిన ఏడు రోజుల్లో చేసిన పనిని బట్టి, మీరు పైన ఇచ్చినవి పోయిన ఏడాదిలో చేసిన పనిని బట్టి లెక్కించినవి. ఒకే గ్రాఫ్‌లో గీత కలపకండి, వేరే పట్టికగా ఇవ్వండి.