క్షారమృత్తిక లోహాల్లో ‘మృత్తిక’ ఏంది?

కడప నుంచి ప్రశ్న:
మా పాప ఆవర్తన పట్టిక చదువుతోంది. రెండో గ్రూపు పేరు క్షారమృత్తిక లోహాలు అని బట్టీ పట్టి, మధ్యలో ఆపి అడిగింది: “మృత్తిక అంటే మట్టి కదా నాయనా, లోహానికి మట్టి పేరెందుకు?” నాకు తెలిసిన మృత్తికలు సోషల్ పుస్తకంలోని నల్లరేగడి, ఎర్రనేలలే. సైన్సు సార్లు ఎవరైనా ఉంటే చెప్పండప్పా.

రాజంపేట సభ్యుడు:
ఆ మృత్తిక సేద్యం చేసే మట్టి కాదన్నా. నిప్పులో వేసినా మండక, కరగక పొడిగానే మిగిలే పదార్థాలను పాతకాలపు యూరపు రసాయనకారులు ‘ఎర్త్’ అనేవాళ్లు. సున్నం అట్లాంటిదే. అది నీళ్లలో క్షారగుణం కూడా చూపిస్తుంది కాబట్టి క్షారమృత్తిక. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడేది ఆ క్షారం వల్లే. 1789లో ఫ్రెంచి రసాయనకారుడు లవోయిజర్ తన మూలకాల పట్టికలో సున్నాన్ని, అట్లాంటివే అయిన మెగ్నీషియా, బెరైటాలను మూలకాల వరసలోనే పెట్టినాడు, అవి ఆక్సైడులేమో, అంటే లోహం ఆక్సిజన్‌తో కలిసినవేమోనని లోపల అనుమానం ఉన్నా. 1808లో ఇంగ్లీషు రసాయనకారుడు హంఫ్రీ డేవీ విద్యుత్తు పంపి వాటిలోంచి కాల్షియం, మెగ్నీషియం, బేరియం లోహాలను బయటికి లాగినాడు. లోహం బయటపడినా పేరులో మట్టి మాత్రం పోలేదు. మనవాళ్లు ఇంగ్లీషు మాటను అట్లే సంస్కృతంలోకి దించినారు. నన్నడిగితే పాఠంలో ఈ నాలుగు ముక్కలు చెప్పకుండా ఆ పేరు ఒక్కటే పిల్లల నెత్తిన పెట్టడం అన్యాయం.

పాపకు చేతికి అందేట్టు చెప్పాలంటే మంగంపేట ముగ్గురాయి ముక్క ఒకటి సంపాదించండి. మన ఓబులవారిపల్లె మండలంలో తవ్వేది బేరియం సల్ఫేటే. పొడి కొట్టి చమురు బావులు తవ్వే బురదలో కలపడానికి దేశదేశాలకు పంపుతారు. ఒక చేతిలో ముగ్గురాయి, ఇంకో చేతిలో అంతే సైజు నాపరాయి పెట్టండి. పాప ముఖం చూడండి, నవ్వొస్తుంది. వంద ఘన సెంటీమీటర్ల నాపరాయి సుమారు 270 గ్రాములు తూగితే, ముగ్గురాయి 450 దాకా తూగుతుంది. (సంతలో అమ్మే ముగ్గుపిండి అంతా బేరియమే అనుకోవద్దు. పొడి తెల్లగా ఉండి వాకిట్లో గీత పడితే చాలు, ఏ రాయికైనా మనోళ్లు ఆ పేరు పెడతారు.)

అనంతపురం సభ్యురాలు:
బేరియం, భారం ఒకటే మాటా సార్? చెవికి అట్లే ఉంది.

రాజంపేట సభ్యుడు:
చాలామంది అట్లే అనుకుంటారు మేడం, కానీ కాదు. బేరియం గ్రీకు ‘బరుస్’ నుంచి వచ్చింది, బరువైనది అని అర్థం. భారం మోయడాన్ని చెప్పే ‘భృ’ ధాతువు నుంచి వచ్చింది. ‘బరుస్’కు సంస్కృతంలో అసలు చుట్టం ‘గురు’. ఛందస్సులో గురువు, గురుత్వాకర్షణలో గురుత్వం, అన్నీ ఆ ఇంటివే. ఇంకో తమాషా ఏమంటే, బరువు పేరు రాయిదే గానీ లోహానిది కాదు. బేరియం లోహం సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 3.5 గ్రాములు మాత్రమే, దాని ముడిరాయికంటే తక్కువ. పరమాణు సంఖ్య 56 కదా, బాగా బరువుంటుందిలే అనుకుంటే దెబ్బ తింటాం.

కర్నూలు సభ్యుడు:
అయితే దీనికి మనం ‘గురుజని’ అని తెలుగు పేరు పెట్టుకోవచ్చు గదా. ఆక్సిజన్‌కు ఆమ్లజని, నైట్రోజన్‌కు నత్రజని ఉన్నట్టే.

రాజంపేట సభ్యుడు:
వద్దు సామీ. ఆమ్లజని చూడండి. ప్రతి ఆమ్లంలో ఆక్సిజన్ ఉంటుందని లవోయిజర్ పొరబడి పెట్టిన పేరుకు అది అనువాదం. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేనే లేదు. ఆయన తప్పును మనం తెలుగులో కూడా మోస్తున్నాం. బంగారం, రాగి, సీసం, తగరం, గంధకం, పాదరసం మన నోట్లో నలిగినవి, వాటిని వదలొద్దు. బేరియం బేరియంగానే ఉండనీ.

కడప నుంచి:
అర్థమైంది సార్. బేరియం విషం అంటారే, పాప చేతికి ఆ రాయి ఇవ్వొచ్చా?

రాజంపేట సభ్యుడు:
ఇవ్వొచ్చు. విషమయ్యేది కరిగే బేరియం. సల్ఫేటు నీళ్లలోనూ కరగదు, కడుపులో ఆమ్లానికీ కరగదు. అందుకే కడుపు ఎక్స్‌రే తీసేముందు ఆసుపత్రిలో శుద్ధి చేసిన దాన్నే తాగిస్తారు. కార్బొనేటు మాత్రం కడుపు ఆమ్లానికి కరుగుతుంది. దాన్ని ఎలుకల మందుగా వాడేవాళ్లు. రాయి ముట్టుకుంటే ఏం కాదు గానీ, ఇంట్లో దంచి పొడి చేయనీయొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.