కాళ్ల సూప్: కుక్కర్‌లో పెడితే సారం పోతుందా, సన్న సెగ మీద పొద్దంతా కాచాల్సిందేనా?

పెద్దగిన్నె:
మేక కాళ్ల సూప్ గురించి ఎవర్ని కదిపినా రెండే వర్గాలు. "కుక్కర్ వేడికి బలమంతా చచ్చిపోతుంది, సన్న సెగ మీద 8 గంటలు కాగాల్సిందే" అని కొందరు. "అన్ని గంటల గ్యాస్ ఎవరు తగలేస్తారు, 10 విజిళ్లు రానిస్తే చాలు" అని కొందరు. ఏది ఎందుకు సరైందో కొలతలతో చెప్పండి. "మా అమ్మమ్మ ఇలాగే చేసేది" అన్న జవాబులు మాత్రం వద్దు. ఆ అమ్మమ్మలందరూ ఒకే మాట మీద ఉంటే ఈ ప్రశ్నే వచ్చేది కాదు.

మూడోవిజిల్:
నాది కుక్కర్ పక్షం. అసలు ఆ "బలం" ఏమిటో ముందు తేలాలి. కాళ్లలో ఉండేది తోలు, నరాలు, కీళ్ల దగ్గరి మెత్తటి ఎముక. వీటన్నిట్లో ఉన్న సరుకు కొల్లాజెన్. నీళ్లలో వేడి తగిలితే అది జెలటిన్‌గా మారి సూప్‌లోకి దిగుతుంది. పెదాలకి అంటుకునే జిగురు అదే, ఫ్రిజ్‌లో పెడితే జున్నులా గడ్డకట్టేదీ అదే.

మూత లేని గిన్నెలో నీళ్లు 100 డిగ్రీలు దాటవు. హైదరాబాద్ ఎత్తులో అయితే 98 దగ్గరే మరుగుతాయి. కుక్కర్‌లో పూర్తి ప్రెషర్ ఎక్కితే దాదాపు 120. ప్రతి 10 డిగ్రీలకీ వేగం రెట్టింపవుతుందన్న మోటు లెక్క వేసుకున్నా 4 గంటల పని గంటలో అయిపోతుంది. వేడికి చచ్చిపోవడానికి జెలటిన్ ఏమన్నా విటమిన్ సి నా? ఇంకో మాట: 1679లో డెనీ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఇప్పటి కుక్కర్‌కి తాతలాంటి యంత్రాన్ని తయారు చేసిందే ఎముకలు మెత్తబరచడానికి. పప్పు, అన్నం దాంట్లోకి తర్వాత వచ్చి చేరాయి.

5 లీటర్ల కుక్కర్‌కి నా కొలత: శుభ్రం చేసిన కాళ్లు కిలో, నీళ్లు లీటరున్నర. ప్రెషర్ ఎక్కాక సిమ్‌లో 50 నిమిషాలు. స్టవ్ కట్టేశాక ప్రెషర్ దానంతటదే దిగాలి, 20 నుంచి 25 నిమిషాలు పడుతుంది. సుమారు లీటరుంపావు సూప్ చేతికొస్తుంది. గిన్నెలో కాచినట్టు ఇక్కడ నీళ్లు ఇగరవు. గిన్నె వంటకి రాసిన కొలత ప్రకారం 3 లీటర్లు పోశారంటే రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టినా గడ్డకట్టదు. తప్పు నీళ్లది, తిట్లు కుక్కర్‌కి.

సన్నసెగ:
కొల్లాజెన్ కరుగుతుంది, కాదనను. మీరు మింగేసిన సంగతులు మూడున్నాయి.

మొదటిది నురగ. ఎముకలు వేడెక్కేటప్పుడు మొదటి అరగంటలో బూడిదరంగు నురగ పైకి తేలుతుంది. గిన్నెలో అయితే గరిటెతో తీసి పారేస్తాం. కుక్కర్ మూత బిగిస్తే అదంతా సూప్‌లోనే తిరిగి తిరిగి మడ్డిగా మిగులుతుంది. రెండోది కొవ్వు. లోపల కుతకుతలాడితే కొవ్వు నీళ్లలో చితికి కలిసిపోతుంది, సూప్ తెల్లగా మసకబారుతుంది, ఎంత వడకట్టినా తేరదు. మూడోది, వేడి ఎక్కువైతే జెలటిన్ పోగులే తెగిపోతాయి. 2 గంటలు కుక్కర్‌లో ఉంచిన సూప్ 1 గంట ఉంచినదానికంటే పల్చగా ఉంటుంది. సన్న సెగ మీద అడుగు నుంచి ఒకటీ అరా బుడగలు మాత్రమే లేస్తూ 6 గంటలు కాగిన సూప్‌లో గిన్నె అడుగు కనిపిస్తుంది. మీ కుక్కర్‌లో అది రాదు.

మూలుగబొక్క:
మీ ఇద్దరి పంచాయితీ మంచిగనే ఉంది గాని, ముందుగాల విజిల్స్ లెక్కవెట్టుడు బంజెయ్యండి. పెద్ద మంట మీద 10 విజిల్స్ అంటే పావుగంటల అయిపోతయి. సిమ్‌ల పెడితే అవే 10 విజిల్స్‌కు గంట దాటుతది. గడియారం చూసుకోవాలె. ఫుల్లు ప్రెషర్ ఎక్కి మొదటి విజిల్ రాంగనే మంట తగ్గించాలె. వెయిట్ పక్కలకెల్లి ఆవిరి సన్నగ సుయ్యిమనుకుంట రావాలె. ఆ సప్పుడు కూడా ఆగిందంటే లోపల ప్రెషర్ పడిపోయినట్టే, గా టైమును లెక్కల వేసుకోవద్దు.

సన్నసెగ గారూ, మీ నురగ సంగతికి మందు ఉన్నది. కాళ్లను చల్లటి నీళ్లల్ల ఏసి, మూత పెట్టకుండ పొయ్యి మీద పెట్టాలె. మరుగు వచ్చినంక 5 నిమిషాలు ఉంచి, ఆ నీళ్లు మొత్తం పారబొయ్యాలె. బొక్కలను నల్లా కింద ఒక్కొక్కటి కడిగి, కుక్కర్ గిన్నె కూడా కడిగి, కొత్త నీళ్లు పొయ్యాలె. వేడి నీళ్లల్ల డైరెక్టుగ వేస్తే పైన గట్టిపడి మురికి లోపలనే ఉంటది, అందుకే చల్లటి నీళ్లతోనే షురూ చెయ్యాలె.

దానికంటే ముందు కడుగుడు. దుకాణంల కాల్చి ఇచ్చినా ఏళ్ల సందుల్ల వెంట్రుకలు ఉంటయి. మళ్ల ఒకసారి మంట మీద తిప్పి, కత్తితోని నల్లటి మసి గీకాలె. డెక్కలు ఊడదీసిన్రా లేదా చూడాలె. పసుపు, శనగపిండి పట్టించి 10 నిమిషాలు పెట్టి రుద్ది కడగాలె. సూప్ వాసన వస్తుందని అల్లం ఎల్లిగడ్డ దంచి పోసేటోళ్లు సగం మంది ఈ కడుగుడు కాడ తప్పు చేసినోళ్లే.

మూడోవిజిల్:
మరిగించి పారబోసేది నేను రాయడం మరిచిపోయాను, మూలుగబొక్క గారి మాటే సరి. కొవ్వు చితికిపోతుందన్న దానికి జవాబు: కుక్కర్ లోపల ప్రెషర్ నిలకడగా ఉన్నంతసేపూ నీళ్లు పెద్దగా కుతకుతలాడవు. విజిల్ వచ్చినప్పుడల్లా ఒక్కసారిగా ప్రెషర్ పడి అప్పుడు ఎగిసిపడతాయి. వెయిట్ ఎత్తి ఆవిరి వదిలేస్తే మరీ దారుణం, 120 డిగ్రీల నీళ్లు ఒక్కుమ్మడిగా పొంగి కొవ్వునీ మడ్డినీ కలిపి చిలికేస్తాయి. విజిళ్లు రానివ్వకుండా సిమ్‌లో ఉంచి, చివర్లో తొందరపడకుండా ఆగితే సూప్ తేటగానే వస్తుంది. మీ 6 గంటల సూప్ అంత తేట కాదు, ఒప్పుకుంటాను. పాయాకి అంత తేట ఎవరికి కావాలి? హైదరాబాద్‌లో పొద్దున్నే నహారీతో పోసిచ్చే పాయా చిక్కగా మసగ్గా ఉంటేనే జనం మెచ్చేది.

పోగులు తెగుతాయన్నదీ నిజమే. అందుకే 50 నిమిషాలన్నాను, 2 గంటలనలేదు. కోడి కాళ్లకి 35 నుంచి 40 చాలు. గంటన్నర దాటితే కోడి ఎముక వేళ్ల మధ్య నలిపితే పొడి అయిపోతుంది, సూప్ నోట్లో సున్నపు పిండిలా తగులుతుంది.

పెద్దగిన్నె:
ఎముక పొడి అయ్యేదాకా ఉడికితే కాల్షియం అంతా సూప్‌లోకి వచ్చినట్టే కదా? ఎముక విరిగినవాళ్లకి ఇది పెట్టమనేది అందుకే కదా? 2 చెంచాల వెనిగర్ వేస్తే ఇంకా లాగుతుందని కూడా అంటారు.

లెక్కలపుస్తకం:
ఇక్కడ మాత్రం ఇద్దరి పక్షాలూ ఓడిపోతాయి. ఎముకలోని కాల్షియం రాయిలాంటి రూపంలో ఉంటుంది, మామూలు నీళ్లలో దాదాపు కరగదు. కుక్కరైనా కట్టెల పొయ్యైనా అంతే. వెనిగర్ కొంచెం పెంచుతుంది గానీ, గ్లాసు సూప్‌లోకి దిగే కాల్షియం గ్లాసు పాల దరిదాపుల్లోకి రాదు. 250 మి.లీ. పాలలో 300 మి.గ్రా. దాకా ఉంటుంది, 100 గ్రాముల రాగుల్లో సుమారు 350. పెద్దవాళ్లకి రోజుకి 1000 మి.గ్రా. కావాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2020 సిఫారసు. ఆ లోటు సూప్ పూడ్చదు. ఎముక నుంచే కాల్షియం కావాలంటే ఎముకనే నమలాలి: ముల్లుతో సహా తినే మెత్తళ్లు, లేదా మెత్తబడ్డ కోడి కాళ్ల కీళ్లు.

వెనిగర్‌తో ఇంకో చిక్కుంది. అల్యూమినియం కుక్కర్‌లో పులుపు వేసి గంట ఉడికిస్తే లోపలి గోడ నల్లబడుతుంది, గుంటలు పడుతుంది, ఆ లోహం సూప్‌లోకి వస్తుంది. చింతపండు పులుసుకీ ఇదే వర్తిస్తుంది. స్టీలు కుక్కర్ లేకపోతే పులుపు వేరే గిన్నెలో చివర కలపండి, లేదా తాగేముందు నిమ్మకాయ పిండుకోండి.

ఇక మాంసకృత్తులు. జెలటిన్ మాంసకృత్తే, కానీ అందులో ట్రిప్టోఫాన్ (ఒంట్లో తయారుకాని, తిండి నుంచే రావాల్సిన అమైనో ఆమ్లం) అసలు ఉండదు. పారిస్‌లో పేదలకీ ఆసుపత్రులకీ ఎముకల జెలటిన్ రసం పోసి మాంసానికి బదులు అదే చాలన్నారు. మజాండీ అనే ఫ్రెంచి శరీరశాస్త్రజ్ఞుడి నాయకత్వంలోని సంఘం 1841లో అది ఒక్కటే ప్రాణం నిలపదని తేల్చింది. కాబట్టి సూప్‌తో పాటు గుడ్డో పప్పన్నమో ఉండాలి. జ్వరం నుంచి లేచినవాళ్లకి సూప్ హాయిగా ఉంటుంది: వేడి నీళ్లు, ఉప్పు, కొంచెం మాంసకృత్తు, నోటికి రుచి. అది చిన్న మేలేం కాదు. గౌట్ (యూరిక్ యాసిడ్ పెరిగి వచ్చే కీళ్ల వాపు) ఉన్నవాళ్లు, కిడ్నీ జబ్బుకి పథ్యంలో ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా రోజూ తాగొద్దు.

సన్నసెగ:
కాల్షియం మాట ఒప్పుకుంటున్నాను, నేనూ వెనిగర్ పోసే బాపతే. మానేస్తాను. రుచి విషయంలో మాత్రం తగ్గను. గిన్నెలో అయితే మసాలా ఎప్పుడు వేయాలో మన చేతిలో ఉంటుంది. కుక్కర్‌లో లవంగం, చెక్క మొదటే వేసి గంట ఉడికిస్తే చేదు దిగుతుంది, కొత్తిమీర కాడల వాసన చచ్చి గడ్డి కంపు కొడుతుంది.

మూడోవిజిల్:
మొదటే ఎవరు వేయమన్నారు? కుక్కర్‌లోకి ఉల్లిపాయ ఒకటి, అల్లం ముక్క, పసుపు, అంతే. ఉప్పు కూడా ఆఖర్నే. మూత తీసి వడకట్టాక మిరియాలు, జీలకర్ర కచ్చాపచ్చాగా దంచి వేసి 10 నిమిషాలు మూత లేకుండా మరగనివ్వండి.

మూలుగబొక్క:
మిరియాలు కుక్కర్ల ఎయ్యకపోవుడే మంచిది, ఒక్క గింజ పోయి ఆవిరి గొట్టంల ఇరికితే కథ వేరే ఉంటది. మూత పెట్టే ముందు గొట్టంలకెల్లి వెలుతురు చూడాలె, అవుతల కనవడాలె. బొక్కలు, నీళ్లు కలిపి కుక్కర్‌ల మూడింట రెండొంతులు దాటొద్దు. కాలు పొడుగ్గ ఉంచి నిలబెడితే మూతకు తగుల్తది, రెండంగుళాల ముక్కలు కొట్టియ్యాలె. కొట్టినప్పుడు వచ్చిన బొక్క రవ్వలు కడుగుడుల పోవాలె, లేకుంటే గొంతుల గుచ్చుకుంటయి. వడకట్టేది టీ జాలితోని కాదు, పల్చటి బట్టతోని.

డల్లాస్‌వంటిల్లు:
కరెంటు కుక్కర్ వాడేవాళ్ల కోసం. ఇన్‌స్టంట్ పాట్ లాంటివి 10 నుంచి 12 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) మధ్యే నడుస్తాయి, స్టవ్ మీది కుక్కర్ 15. అంటే వేడి 115, 117 డిగ్రీల దగ్గర ఆగుతుంది. 50 నిమిషాల పనికి 70 పెట్టండి, ఇక్కడ దొరికే గడ్డకట్టిన పెద్ద మేక కాళ్లకైతే 80. వీటిలో విజిలే ఉండదు కాబట్టి మూడోవిజిల్ గారన్న తేటదనం ఇందులో ఇంకా బాగా వస్తుంది. ప్రెషర్ దిగడానికి మాత్రం 40 నిమిషాలు ఆగాలి.

పెద్దగిన్నె:
రాత్రి చేసి మూత తీయకుండా కుక్కర్‌లోనే ఉంచేస్తే తెల్లారి దాకా పాడవదు కదా? లోపల అంత వేడికి క్రిములన్నీ చచ్చే ఉంటాయి.

లెక్కలపుస్తకం:
ఉంచొద్దండీ. చల్లారేటప్పుడు లోపల ఆవిరి నీరై ఖాళీ ఏర్పడుతుంది, కుక్కర్ బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. ఆ తర్వాత గోరువెచ్చగా 5, 6 గంటలు నిలిచిన జెలటిన్ నీళ్లు క్రిములకి పెళ్లి భోజనం. ప్రయోగశాలల్లో వాటిని పెంచడానికి వాడే ద్రవం కూడా దాదాపు ఇలాంటి మాంసపు రసమే. 2 గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేరాలి. వేడి కుక్కర్ అలాగే ఫ్రిజ్‌లో పెడితే మధ్యలో గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. వెడల్పాటి స్టీలు గిన్నెల్లోకి పంచి, సింకులో చల్లటి నీళ్లు నింపి అందులో అరగంట కూర్చోబెట్టండి. ఫ్రిజ్‌లో 3 రోజులు, డీప్ ఫ్రీజర్‌లో 2, 3 నెలలు. తీసిన ప్రతిసారీ తెర్లేలా మరిగించాలి, కావలసినంతే తీయాలి.

మర్నాటికి పైన తెల్లటి కొవ్వు పలకలా కడుతుంది. గరిటె అంచుతో కదిపితే మొత్తం ఊడి వచ్చేస్తుంది. మేక కొవ్వు త్వరగా పేరుకుంటుంది, అందుకే సూప్ కాస్త ఆరితే అంగిలికి మైనంలా అంటుకుంటుంది.

సన్నసెగ:
సరే, ఒక పరీక్ష పెడతాను. ఒకే మేకవి నాలుగు కాళ్లు. ముందువి రెండు, వెనకవి రెండు ఉంటాయి కాబట్టి చెరొకటి చొప్పున పంచి, తూకం సరిచూసి, సగం కుక్కర్‌లో 50 నిమిషాలు, సగం గిన్నెలో 6 గంటలు. ఆఖర్న రెండింటికీ వేడినీళ్లు కలిపో మరిగించో ఒకే కొలతకి తేవాలి, అది చేయకపోతే పరీక్షకి అర్థం లేదు. చెరో చిన్న గిన్నెలో పోసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున చెంచాతో గిల్లి చూడండి. గట్టిదనంలో కుక్కర్‌ది నా గిన్నెకి సమానంగా నిలబడుతుంది, అది నాకూ తెలుసు. వాసన చూశాక మళ్లీ మాట్లాడదాం.

మూలుగబొక్క:
పరీక్షల నల్లి బొక్కలు మాత్రం కలపొద్దు. గంట ఉడికితే మూలుగ మొత్తం జారి కొవ్వై పైన తేలుతది, బొక్క ఉత్త గొట్టం మిగులుతది. కాళ్లు 30 నిమిషాలు ఉడికినంక ప్రెషర్ దిగనిచ్చి, మూత తీసి నల్లి వేసి, మళ్ల 20 నిమిషాలు పెట్టాలె. పళ్లెం మీద బొక్కను బోర్లించి కొడితే మూలుగ ముద్దగ పడాలె.

మూడోవిజిల్:
ఆ 20 నిమిషాల్లో కుక్కర్ రెండోసారి వేడెక్కే గ్యాస్ కూడా లెక్కలోకి వస్తుంది మరి. దానికంటే నల్లిని వేరే చిన్న గిన్నెలో ఉప్పు నీళ్లు పోసి మూతపెట్టి అరగంట ఉడికించి, వడ్డించేటప్పుడు సూప్‌లో వేయడం తేలిక. వడకట్టాక మిగిలిన కాళ్లని పారేయకండి. ముప్పావు లీటరు నీళ్లతో ఇంకో 40 నిమిషాలు పెడితే పల్చటి రెండో నీళ్లు వస్తాయి. సూప్‌గా తాగడానికి పనికిరాదు, బగారా అన్నానికి ఎసరుగా పోస్తే సరిపోతుంది.