అప్‌డేట్: నోటు డబ్బులు ఎగ్గొట్టిన తమ్ముడి విషయం

నాలుగు నెలల క్రితం ఇక్కడే అడిగాను. మా బాబాయి కొడుకు మిర్చి వ్యాపారానికని 2 లక్షలు తీసుకుని నాకు ప్రామిసరీ నోటు రాసి, ఇవ్వకపోగా నేనే వడ్డీ పీక్కుతిన్నానని గుంటూరంతా చెప్పాడు. వాడి కొత్తింటి ప్రార్థనలో అందరి ముందు పరువు తీయాలని ఉంది, విశ్వాసిగా అది తప్పా అని నా ప్రశ్న. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది బైబిల్లో మత్తయి 18:15 చూడమన్నవారి సలహా. తప్పు చేసినవాడి దగ్గరికి ముందు ఒంటరిగా వెళ్లాలి, వినకపోతే ఒకరిద్దరితో, ఆ తర్వాతే సంఘానికి (చర్చికి) చెప్పాలి. నేను నేరుగా మూడో మెట్టెక్కబోయాను! ఒక రాత్రి బ్రాడీపేటలో వాడి ఇంటికి ఒక్కడినే వెళ్లాను. మొదట అరిచాడు, తర్వాత ఏడ్చాడు. ధర పడి మునిగిపోయాడట, నాకు చెప్పడానికి సిగ్గుపడ్డాడు.

క్షమిస్తే బాకీ వదులుకోవాలా అని పాస్టర్‌గారిని అడిగాను. రోమా 12:19 వదలమన్నది పగని, నోటుని కాదన్నారు. లాయర్ గారేమో నోటు మీద కోర్టుకెళ్లడానికి 3 ఏళ్ల గడువని, అది దాటకముందే కొంత కట్టించుకుని నోటు వెనక చెల్లు (ఇంత కట్టానన్న రాత) రాయించి సంతకం తీసుకుంటే అక్కడి నుంచి మళ్లీ లెక్క మొదలవుతుందని చెప్పారు. 20 వేలు కట్టి చెల్లు రాశాడు. వడ్డీ నేనే వదిలేశాను.

తనను అమ్మేసిన అన్నలను క్షమించిన బైబిల్ యోసేపు కథ చాలామంది చెప్పారు కానీ నాకు అతకలేదు. ఆయన చేతిలో ఐగుప్తు (ఈజిప్టు) అధికారం ఉంది, నా చేతిలో నోటు కాగితం. పోలీసు కేసు అవసరమే రాలేదు.

మా ఆవిడ మాత్రం వాడితో ఇంకా మాట్లాడటం లేదు. నేను బలవంతపెట్టడం లేదు.