సీజన్ అయినంక ఫోర్క్‌లిఫ్ట్ బ్యాటరీ దిగిపోయింది: బాగైతదా, లిథియం కొనాల్నా?

రాజురా_జిన్నింగ్

రాజురా దగ్గర జిన్నింగ్, ప్రెస్సింగ్ మిల్లు మాది. 2 టన్నుల ఎలక్ట్రిక్ ఫోర్క్‌లిఫ్ట్ ఉన్నది, ముందర పత్తి బేళ్లను పట్టే బేల్ క్లాంప్. బ్యాటరీ 48 వోల్టులు, 600 ఏహెచ్ (ఆంపియర్-అవర్, ఎంత ఛార్జి పడ్తదో ఆ లెక్క), 24 సెల్లు, నీళ్లు పోసే రకం. కొని 3 ఏండ్లు. నవంబరు నుంచి మార్చి దాకా రోజూ నడుస్తది, తర్వాత అక్టోబరు దాకా రేకుల షెడ్డుల ఊకె ఉంటది. పోయిన సీజన్ల ఒక ఛార్జికి 6 గంటలు వచ్చింది. ఇప్పుడు 3 గంటలకే లిఫ్ట్ ఆగుతున్నది, బండి మాత్రం మెల్లగ కదుల్తున్నది.

రాత్రంత ఛార్జి పెట్టినంక గ్రావిటీ (హైడ్రోమీటర్‌తోని కొలిచే యాసిడ్ ఘాటు) చూస్తే 21 సెల్లల్ల 1230 నుంచి 1240. 7, 15, 16 నంబర్లల్ల 1190. ఆర్ఓ మిషన్ నీళ్లు పోస్తున్నం. డీలరేమో యాసిడ్ పోసి గ్రావిటీ పెంచుదాం, లేకుంటే లిథియం తీసుకో అంటున్నడు. ఏం చేయాలె?

బల్లార్షా_ఎలక్ట్రీషియన్

అన్నా, యాసిడ్ మాత్రం పోయనియ్యకు. యాసిడ్ ఎటూ పోలేదు, ప్లేట్లల్లనే సల్ఫేట్‌గ గట్టిపడి కూసున్నది. పైనుంచి కొత్తది పోస్తే హైడ్రోమీటర్ల అంకె పెరుగుతది గాని బండి ఒక్క నిమిషం ఎక్కువ నడవది. రేపు ఆ సల్ఫేట్ కరిగితే ఘాటు 1300 దాటి ప్లేట్లను, సెపరేటర్లను తింటది.

లిఫ్ట్ ఆగుడు రోగం కాదు. 80 శాతం ఖర్చయిందని డిశ్చార్జి మీటరే పంపు మోటారును కట్ చేస్తది. ఆ వైరు తీసి డైరెక్ట్ ఇచ్చే మెకానిక్కులు ఉంటరు, వాళ్లను బండి దగ్గరికి రానియ్యొద్దు. అంతకంటె కిందికి పిండితే ముందుగాల ఆ మూడు సెల్లే ఉల్టా ఛార్జి అయి సచ్చిపోతయి.

నీ లెక్కన సీజన్‌కు 125 ఛార్జీలనుకున్నా 3 ఏండ్లకు 400 కాలేదు. బండ్లు నడిపే మంచి ట్యూబులర్ ట్రాక్షన్ బ్యాటరీ 1200 నుంచి 1500 ఛార్జీల దాకా ఇస్తది. ఇది పని చేసి అరిగింది కాదు, 7 నెలలు ఖాళీగ ఉండి పాడైంది. ఈ రకం కొంతవరకు తిరిగొస్తది.

ముందు నట్లు బిగువుగ ఉన్నయా, సెల్లుకు సెల్లుకు మధ్య పట్టీలు వేడెక్కుతున్నయా చూడు. తర్వాత మాస్టును (ముందరి నిలువు చట్రాన్ని) పూర్తిగ వెనక్కి వంచి, టిల్ట్ లీవరు అట్లనే 10 సెకన్లు పట్టుకోమను. పంపు మీద లోడు పడ్తది. ఆ లోడు మీద ఒక్కొక్క సెల్లు వోల్టేజి మల్టీమీటర్‌తోని రాసుకో. మంచి సెల్లు 1.9 పైన నిలుస్తది. 1.7 కిందికి జారేది బలహీనం.

మామూలు ఛార్జి అయినంక ఈక్వలైజింగ్ (అన్ని సెల్లను ఒక్కతీరుకు తెచ్చే అదనపు ఛార్జి) పెట్టు. ప్రతి 100 ఏహెచ్‌కు 3 నుంచి 5 ఆంపియర్లు, అంటే నీ బ్యాటరీకి 18 నుంచి 30. గట్టిపడ్డదానికి తక్కువ కరెంటు, ఎక్కువ సేపే మంచిది. గంటకోసారి గ్రావిటీ రాయి. మూడు రీడింగులు వరుసగ ఒక్కతీరు వస్తే ఆపు. మధ్యల యాసిడ్ వేడి 50 డిగ్రీలకు వస్తే ఛార్జర్ బంద్ చేసి, 40 కిందికి దిగినంక మళ్ల పెట్టు. ఆ తర్వాత బండిని మామూలుగ నడిపి మళ్ల ఈక్వలైజ్ చెయ్యి. ఇట్ల రెండు మూడుసార్లు.

గ్రావిటీ వేడిని బట్టి మారుతది, ప్రతి 10 డిగ్రీలకు 7 పాయింట్లు. యాసిడ్ 40 డిగ్రీలున్నప్పుడు 1240 చూపిస్తే 27 డిగ్రీల లెక్కన అది 1249. థర్మామీటర్ లేకుండ తీసిన రీడింగుకు విలువ లేదు.

వణీ_గోదాం

పైన చెప్పినదాంట్ల ఒక్క మాట కలపాలె. అన్ని సెల్లల్ల గ్రావిటీ ఒక్కతీరుగ తగ్గిందంటే యాసిడ్ నిజంగనే పోయి ఉండొచ్చు. మీ మనిషి ఛార్జింగ్‌కు ముందు నీళ్లు పోస్తున్నడా? ఛార్జింగ్‌ల యాసిడ్ ఉబ్బుతది, బుడగలు వస్తయి, నిండుగ ఉన్న సెల్లు మూతల నుంచి పొర్లుతది. మళ్ల నీళ్లు, మళ్ల పొర్లుడు. యాసిడ్ పల్చబడి, బయటికి పోయిందంతా ఇనుప ట్రేను తింటది. ట్రే అంచుల మీద తెల్లటి పొర, అడుగున తడి ఉంటే ఇదే. అయినా యాసిడ్ సంగతి ఈక్వలైజింగ్ మొత్తం అయినంకనే, అదీ బ్యాటరీ మెకానిక్ చేతుల మీద.

నీళ్లు ఛార్జి అయినంకనే పొయ్యాలె, ప్లేట్ల మీద 10-12 మిల్లీమీటర్లు నిలిచేటట్టు. ఛార్జింగ్‌కు ముందే ప్లేట్లు తేలి కనపడితే అవి మునిగేంత మాత్రం పోసి, మిగిలింది తర్వాత.

ఆర్ఓ నీళ్లు తాగడానికి. బ్యాటరీకి ఐఎస్ 1069 (బ్యాటరీ నీళ్ల భారత ప్రమాణం) ప్రకారం ఉన్న డీఎం వాటరే, అంటే ఖనిజాలు తీసేసిన నీళ్లే కావాలె. మన దిక్కు బోరు నీళ్లల్ల ఉప్పు ఎక్కువ, మిషన్ తీసినంక కూడా క్లోరైడు, ఇనుము ఎంతో కొంత మిగుల్తయి. నీళ్లు ఆవిరైపోతయి, అవి మాత్రం సెల్లల్లనే పోగై, ఛార్జి దానంతటదే దిగిపోయేటట్టు చేస్తయి. టీడీఎస్ (నీళ్లల్ల కరిగిన ఉప్పుల లెక్క) పెన్ను పెడితే 5 దాటొద్దు. పోసేది ప్లాస్టిక్ మగ్గుతోని, ఇనుప డబ్బతోని కాదు.

ఇగ ఆ 7 నెలలు. అసలు దెబ్బ అక్కడనే. మార్చి ఆఖరుకు బండి పక్కన పెట్టే రోజు ఫుల్ ఛార్జి, దాని మీద ఈక్వలైజింగ్, తర్వాత నీళ్లు. లీటరు నీళ్లకు 100 గ్రాముల తినే సోడా కలిపి, మూతలు బిగించి పైభాగం కడుగు. నురగ ఆగినంక మంచినీళ్లతోని కడిగి ఆరబెట్టు. ఆరినంక మల్టీమీటర్ ఒక ముల్లు ప్లస్ మీద, ఇంకోటి ట్రే ఇనుము మీద పెట్టి చూడు. వోల్టులు గట్టిగ చూపిస్తే యాసిడ్ పొర ఇంకా ఉన్నట్టు, ఆ దారిన కరెంటు కారిపోతనే ఉంటది.

ప్లగ్గు బండి నుంచి పీకి పెట్టాలె, కంట్రోలరు ఎంతో కొంత తాగుతది. తర్వాత నెలకోసారి ఫుల్ ఛార్జి. చంద్రపూర్ జిల్లాల మే నెలల 45 దాటుతది, రేకుల కింద ఇంకా ఎక్కువ. వేడి 10 డిగ్రీలు పెరిగితే దానంతటది దిగిపోయే వేగం రెట్టింపు దగ్గరికి పోతది. ఇటుక గోడల నీడ గది ఉంటే బ్యాటరీని దింపి అందుల పెట్టు.

ఛార్జింగ్ జాగ పత్తికి దూరంగుండాలె. ఛార్జింగ్‌ల వచ్చే హైడ్రోజన్ గాలిల 4 శాతం చేరితే నిప్పురవ్వ చాలు, చుట్టూ దూది పొట్టు ఉంటే చెప్పేదే లేదు. అది తేలిక గ్యాసు, పైకి పోతది. కింద కిటికీ ఉంటే సరిపోదు, కప్పు దగ్గర కంత ఉండాలె. సీటు కింది మూత తెరిచి పెట్టి ఛార్జి చెయ్యాలె.

రాజురా_జిన్నింగ్

నీళ్లు ముందే పోస్తున్నరు, అది మా తప్పే. ట్రేల తెల్లటి పొర కూడ ఉన్నది. ఆ మూడు సెల్లు లేవకుంటే మార్చొచ్చా? పైన సీసం పట్టీలు వెల్డింగ్ చేసి ఉన్నయి. మరి లిథియం సంగతి?

బల్లార్షా_ఎలక్ట్రీషియన్

మార్చొచ్చు. ఈక్వలైజింగ్ అయినంక కూడా మిగితావాటికి 40-50 పాయింట్లు కింద ఉంటే, ఛార్జి ఆఖరున బుడగలు రాకుండ వేడెక్కుతుంటే, లోపల షార్ట్ ఉన్నట్టే. కొత్త సెల్లు కంటె అదే ఏహెచ్, ఇంచుమించు అదే వయసున్న మంచి సెల్లు దొరికితే మేలు. సీసం వెల్డింగ్ బ్యాటరీ మెకానిక్ పని. ఛార్జింగ్ ఆపి కొన్ని గంటలు అయినంక, మూతలు తీసి లోపలి గ్యాసును గాలితో ఊది, పక్క సెల్ల మీద తడిబట్ట కప్పినంకనే మంట పెట్టాలె. ఇవి పాటించని మెకానిక్ వద్దు.

రాయగడ_స్టోర్స్

లిథియం గురించి నేను చెప్తాను. అక్కడి బ్యాటరీ చూడలేదు గానీ, లెక్క ఎక్కడైనా ఒక్కటే.

మీ 600 ఏహెచ్‌లో వాడుకోగలిగేది 80 శాతం, 480 ఏహెచ్. సుమారు 23 యూనిట్లు. గోడ దగ్గర మీటరు మీద 30 దాటుతుంది. 16 సెల్లున్న 51.2 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్, అంటే ఎల్‌ఎఫ్‌పీ 460 ఏహెచ్ తీసుకుంటే ఇంచుమించు అంతే పని వస్తుంది. దాని అసలు లాభం భోజనానికి ఆపినప్పుడు కూడా ఛార్జి పెట్టుకుని రెండు మూడు షిఫ్టులు నడపడంలో ఉంది. మీది ఒక షిఫ్టు, అదీ 5 నెలలు. పెట్టిన డబ్బు తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది.

కానీ నెలకోసారి ఛార్జి, నీళ్లు, గ్రావిటీ చూసే మనిషి సీజన్ లేనప్పుడు మీ దగ్గర ఉండడు అనుకోండి, అప్పుడు లిథియమే నయం. సగం ఛార్జిలో, చల్లని గదిలో, ప్లగ్గు తీసి పెడితే ఎక్కువగా దిగదు. ఎండలో ఫుల్ ఛార్జితో వదిలేస్తే మాత్రం అదీ పాడవుతుంది. చాలా ఎల్‌ఎఫ్‌పీ సెల్లకు ఛార్జింగ్ హద్దు 45 నుంచి 55 డిగ్రీల మధ్య ఉంటుంది. మీరు వాడేది చలికాలం కాబట్టి ఆ బెంగ తక్కువ.

కొనే ముందు రెండు చూడండి. బండి నేమ్‌ప్లేటు మీద బ్యాటరీకి కనీస బరువు రాసుంటుంది. బేలు ఎత్తినప్పుడు బండి ముందుకు పడకుండా వెనక్కి ఆపేదాంట్లో ఆ బరువు కూడా ఉంది. మీ లెడ్ యాసిడ్ 900 కిలోల పైమాట, లిథియం అందులో మూడో వంతు ఉంటుంది. తక్కువైనదంతా ఇనుప దిమ్మలు ట్రేలో కదలకుండా బిగించి నింపాలి. డీలరు ఆ మాట ఎత్తకపోతే వేరే డీలరును చూసుకోండి. రెండోది, బీఎమ్ఎస్ (లిథియం బ్యాటరీని కాపాడే కంట్రోల్ బోర్డు) కరెంటు కట్ చేసే ముందు బండికి హెచ్చరిక పంపాలి. ఊరికే కట్ చేస్తే నడుస్తున్న బండిలో పవర్ స్టీరింగ్ పోతుంది.

పాత ఛార్జర్ దానికి పనికిరాదు. ఛార్జర్ ధర కొటేషన్‌లో వేరుగా ఉందో, కలిపే ఉందో అడగండి.

వణీ_గోదాం

ఒకటి మర్చిన. ఛార్జర్ స్విచ్ ఆపకుండ ప్లగ్గు పీకే అలవాటు ఉంటే ఇయ్యాలే మానిపించు. నిప్పురవ్వ వచ్చేది అక్కడనే, గ్యాసు ఎక్కువుండేదీ ఆ గడియనే.