అప్‌డేట్: మూడోసారికే కడ్డీ ఇరుక్కుపోతున్న తుపాకీ సంగతి

మందస దగ్గర మా జీడితోటలో అడవిపందుల్ని బెదరగొట్టడానికి, మూతిలోంచి మందు కూరే లైసెన్స్ తుపాకీ వాడుతున్నాను. గుండు వేయను, మందూ కాగితం ఉండా మాత్రమే. మూడోసారికి కూరే కడ్డీ సగంలోనే ఇరుక్కుంటోంది, ప్రతిసారీ గొట్టం తుడవాలా అని పోయిన నెల అడిగాను.

తుడవాలండీ. మొన్న ఎనిమిదిసార్లు పేల్చినా కడ్డీ అడుగుదాకా సాఫీగా దిగింది.

తుపాకీమందు కాలాక సగానికి పైగా మసిగా, ఉప్పులుగా మిగిలిపోతుంది. అది తేమను లాగుతుంది. మా సముద్రపు గాలికి ఇట్టే జిగటగా మారుతుంది. మొదట్లో గుడ్డను బాగా తడిపేశాను, నీళ్లు నిప్పు రంధ్రంలోకి దిగి తుపాకీ పేలలేదు. ఇప్పుడు నూలుగుడ్డను గట్టిగా పిండి, ఒక్కసారే అడుగుదాకా దించి తీస్తాను, వెనకే పొడిగుడ్డ. పైకీ కిందకీ రుద్దితే మసంతా అడుగున చేరుతుంది.

తడిగుడ్డ లోపలి నిప్పురవ్వల్ని కూడా ఆర్పుతుంది. రవ్వ మిగిలితే పోసేటప్పుడే మందు అంటుకుంటుంది, నా అసలు టెన్షన్ అదే. అందుకే డబ్బాలోంచి నేరుగా మందు పోయడం పూర్తిగా మానేశాను, కొలత గొట్టంతోనే పోస్తున్నాను.

మెషిన్ ఆయిల్‌కు బదులు కొబ్బరినూనె రాస్తున్నాను. ఉద్దానంలో దానికేం కొదవ! ఇంటికొచ్చాక వేడినీళ్లతో కడగడం మాత్రం తప్పదు.

కుందేళ్ల వేటకు పనికొస్తుందా అని ఒకరడిగారు. దయచేసి వద్దు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం.

గొట్టం అడుగున పాత తుప్పు గుంటలు కనిపిస్తున్నాయి. మిస్త్రీకి చూపించేదాకా ఇక పేల్చను.