సైలెంట్ హిల్ 2: ఇద్దరం ఒకే గేమ్ ఆడాం, ముగింపులు మాత్రం వేరు. ఎందుకు?

కొర్లగుంట కుర్రోడు, తిరుపతి

కథంతా బయటపెట్టేసి రాస్తున్నాను, ఇంకా ఆడని వాళ్లు దయచేసి ఇక్కడే ఆగిపోండి.

సెలవుల్లో నేనూ నా రూమ్మేటూ పాత సైలెంట్ హిల్ 2 పూర్తి చేశాం. 2001లో పీఎస్2కి (ప్లేస్టేషన్ 2) వచ్చిన హారర్ గేమ్ గురించే చెప్తున్నా, రీమేక్ కాదు. చనిపోయిన భార్య మేరీ పేరుతో ఉత్తరం వస్తే, జేమ్స్ అనే మనిషి ఆమెను వెతుక్కుంటూ సైలెంట్ హిల్ అనే ఊరికి వెళ్తాడు, మనం ఆడేది అతనిగానే. వాడి ఆటలో జేమ్స్ చివరికి లారా అనే ఆ చిన్నపిల్లతో కలిసి ఊరు వదిలి వెళ్లిపోయాడు. నా ఆటలో కారుతో సహా టొలూకా చెరువులోకి వెళ్లిపోయాడు. కారు శబ్దం, తర్వాత నీళ్లు, ఆ పైన మేరీ ఉత్తరం. చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

ఆట మొత్తంలో "ఇది చేస్తావా, అది చేస్తావా" అని గేమ్ ఒక్కసారి కూడా అడగలేదు. రాక్షసులు అవే, పజిల్స్ అవే, దారి కూడా అదే. మరి వాడికి ఆ ముగింపు, నాకు ఈ ముగింపు ఎలా వచ్చాయి? ఇంకో మాట కూడా. ఇప్పటి హారర్ గేములు చాలానే ఆడాను, వాటిలో ఏదో ఒకటి హఠాత్తుగా మీదికి దూకితే ఉలిక్కిపడతాం, రెండు నిమిషాల్లో మర్చిపోతాం. ఇందులో అలాంటివి పెద్దగా లేవు, బొమ్మలు కూడా పాతవే, అయినా రోజుల తరబడి మనసులోంచి పోవట్లేదు. పెద్దోళ్లు ఎవరైనా చెప్పండి సామీ.

పీఎస్2 పాత కాపు, చిత్తూరు

తమ్ముడూ, గేమ్ నిన్ను అడిగింది, నీకు తెలియకుండా అడిగింది. దీని గొప్పతనమంతా అక్కడే ఉందని నా నమ్మకం.

అపార్ట్‌మెంట్‌లో అద్దం ముందు పడుకుని ఏంజెలా, ఆ ఊళ్లో జేమ్స్‌కి ఎదురయ్యే అమ్మాయి, కనిపిస్తుంది కదా, తన కత్తి జేమ్స్ దగ్గర వదిలేసి వెళ్తుంది. ఆ కత్తితో ఎవరినీ పొడవలేం, ఏ తలుపూ తెరవలేం. కానీ ఇన్వెంటరీ, అంటే మన దగ్గరున్న వస్తువుల పట్టీ, తెరిచి దాన్ని పరీక్షగా చూస్తే గేమ్ గుర్తుపెట్టుకుంటుంది. బ్రూక్‌హేవెన్ ఆసుపత్రి మేడ మీద ఒక పేషెంట్ డైరీ ఉంటుంది, అది చదివినా గుర్తుపెట్టుకుంటుంది. దెబ్బలు తగిలాక మందు తాగకుండా అలాగే తిరుగుతున్నావా అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. ఈ మనిషికి బతకాలని లేదు అనుకుని చెరువు వైపు తీసుకెళ్తుంది. మీ రూమ్మేట్ మేరీ ఫోటో, ఉత్తరం తరచూ తీసి చూసి ఉంటాడు, దెబ్బ తగలగానే మందు తాగి ఉంటాడు, అడుగు.

మూడోది మరియా ముగింపు. మరియా అంటే ఆ ఊళ్లో జేమ్స్‌కి తోడయ్యే, అచ్చం మేరీలాగే ఉండే ఆమె. ఆమెను వెనక వదిలేయకుండా పక్కనే నడవడం, దెబ్బలు తగలకుండా చూసుకోవడం, ఆసుపత్రిలో నీరసంగా ఉందని మంచం మీద పడుకున్నాక మళ్లీ వెనక్కి వెళ్లి ఎలా ఉందో చూడటం, ఇవన్నీ అటు తీసుకెళ్తాయి. మనం చేయి పట్టుకుని నడిపించినామె చివర్లో కారు దగ్గరికి వెళ్తూ దగ్గుతుంది చూడు, అక్కడ నాకు ఒళ్లు జలదరించింది. మేరీ జబ్బు మళ్లీ మొదలన్నమాట.

ఇక భయం సంగతి. 1999లో మొదటి భాగం పీఎస్1కి వచ్చినప్పుడు ఆ మెషీన్ దూరంగా ఉన్న వీధులను గీయలేకపోయేది, ఆ లోటు కనపడకుండా పొగమంచు, చీకటి వాడుకున్నారు. పీఎస్2లో బలం పెరిగినా మంచును వదల్లేదు. డిసెంబరు తెల్లవారుజామున తిరుమల రెండో ఘాట్ రోడ్డులో కొండెక్కుతుంటే బండి లైటు నాలుగు గజాలు దాటి పోదు, ఎదురుగా మలుపుందో లోయుందో చెవులతో కనిపెట్టాలి, ఆ నడక మొత్తం అలాగే ఉంటుంది. జేబులో రేడియో గరగరమంటుంది, అంటే దగ్గర్లో ఏదో ఉంది, ఎటువైపో తెలీదు. కంటికి కనపడేలోపే సగం భయపడిపోయి ఉంటాం. అకిరా యమవోకా ఒక్క పాటలే కాదు, ఈ చప్పుళ్లూ చేశాడు, హెడ్‌ఫోన్స్ లేకుండా ఆడితే సగం గేమ్ పోయినట్టే.

రెండూ ఆడినవాణ్ణి, తిరుపతి

పాత కాపు అన్న చెప్పినవి నిజమే కానీ ఒక చోట ఒప్పుకోను. ఈ లెక్క న్యాయంగా లేదు. నాకు తెలిసిన చాలామంది హారర్ గేముల్లో మందులు ముందు ముందు అవసరమని దాచుకుంటారు. అది పొదుపు, చావాలనే కోరిక కాదు. కత్తి ఎందుకిచ్చారో తెలీక పజిల్‌కి పనికొస్తుందేమోనని పదిసార్లు తిప్పి చూస్తాం. దానికి గేమ్ వేరే అర్థం తీస్తే ఆడేవాడి తప్పేముంది?

పాత దాంట్లో కొట్లాట కూడా నాకు కష్టంగానే అనిపించింది. కర్ర ఎత్తేలోపు రాక్షసుడు మీద పడతాడు, కెమెరా తనకు నచ్చిన చోట నిలబడుతుంది. పాతది కాబట్టి అన్నీ గొప్పవే అనడం సరికాదు. 2024 అక్టోబరులో పోలండ్ వాళ్లు, బ్లూబర్ టీమ్, చేసిన రీమేక్‌లో కెమెరా భుజం వెనక ఉంటుంది, దెబ్బ తప్పించుకోవడం ఉంటుంది, గదులు పెరిగాయి, ముగింపులు రెండు కొత్తవి చేర్చారు. యమవోకా, రాక్షసుల బొమ్మలు గీసిన మసాహిరో ఇటో ఇద్దరూ దానికీ పనిచేశారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను అదే చెప్తాను.

కొర్లగుంట కుర్రోడు, తిరుపతి

అన్నా, నేను చేసింది అచ్చంగా అదే! మందులన్నీ దాచిపెట్టుకున్నా, స్క్రీన్ మీద ప్రాణం గీత కూడా ఉండదు కాబట్టి ఎంత దెబ్బతిన్నాడో మెనూ తెరిస్తే తప్ప తెలీదు. కత్తి అయితే ప్రతి తాళం దగ్గరా తీసి చూశాను.

కానీ నాకు అన్యాయం అనిపించట్లేదు. పక్కన మనిషి రక్తం కారుతూ నడుస్తుంటే నేను సీసాలు లెక్కపెట్టుకుంటూ ఉన్నాను కదా. జేమ్స్ మీద నాకు జాలి లేదని గేమ్ అనుకుంటే అనుకోనీ.

పీఎస్2 పాత కాపు, చిత్తూరు

తమ్ముడు చెప్పిందే నా మాట కూడా. ఇంకోటి, ఒక్క కత్తి చూసినంత మాత్రాన ముగింపు మారిపోదు, అన్నీ కలిపి ఎటు మొగ్గితే అటు పోతుంది. ఆఖరి పొడుగాటి కారిడార్లో జేమ్స్, మేరీల పాత మాటలు వినిపిస్తాయి చూడు, అక్కడ ఆగి పూర్తిగా వింటున్నావా, పరుగెత్తి దాటేస్తున్నావా అన్నది కూడా లెక్కే.

కొట్లాట విషయంలో మాత్రం ఇంకో మాట. జేమ్స్ పోలీసూ కాదు, సోల్జరూ కాదు. మామూలు మనిషి, చేతిలో మేకులున్న చెక్క ముక్క. వాడు కర్ర బాగా తిప్పితే నేను నమ్మను. పిరమిడ్ హెడ్‌ని, అదే ఆ పిరమిడ్ లాంటి పెద్ద ఇనుప తల రాక్షసుణ్ణి, మెట్ల గదిలో ఎదుర్కొనే చోట ఎంత కాల్చినా చావడు, సైరన్ మోగేదాకా ప్రాణం నిలుపుకోవడమే మన పని, సైరన్ మోగాక వాడంతట వాడే నీళ్లలోకి దిగి వెళ్లిపోతాడు. ఎందుకంటే వాడు జేమ్స్ కోరుకున్న శిక్ష. చివర్లో అలాంటివాళ్లు ఇద్దరొస్తారు, ఇక మీరు నాకు అక్కర్లేదని జేమ్స్ ఒప్పుకున్నాకే వాళ్లు తమను తాము పొడుచుకుంటారు. కొట్లాట సులువైతే ఆ సీన్‌కి బరువు ఎక్కడుంటుంది?

మిట్టూరు అక్క, చిత్తూరు

మీరంతా ముగింపుల లెక్కలో ఉన్నారు, ఆ కారిడార్ మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా.

మా ఇంట్లో ఒక పెద్దావిడకి చాలాకాలం మంచంలోనే సేవ చేశాం. అందుకే నాకు ఈ గేమ్‌లో రాక్షసులకంటే ఆ మాటలే ఎక్కువ గుచ్చుకున్నాయి. జేమ్స్ పూలు తెస్తాడు, పూలెందుకు, నా మొహం చూడటానికి వచ్చావా, వెళ్లిపో అని మేరీ అరుస్తుంది, అతను కదలగానే వెళ్లకు, నాకేం కాదని ఒక్కసారి చెప్పు అని ఏడుస్తుంది. జబ్బు మనిషి పక్కన రాత్రులు గడిపినవాళ్లకి ఇది అక్షరాలా తెలుసు. కోపం, ప్రేమ ఒకే నిమిషంలో వస్తాయి. సేవ చేసేవాళ్లకి కూడా ఎప్పుడో ఒకప్పుడు ఇక చాలు అనిపిస్తుంది, ఆ మాట బయటికి అనరు. లేక్‌వ్యూ హోటల్ 312 గదిలో వీడియో టేపు చూసినప్పుడు, దిండుతో ఆమె ఊపిరి తీసింది జేమ్సే అని తెలిసినప్పుడు నాకు అసహ్యం వేయలేదు, ప్రాణం ఉసూరుమంది. క్షమించమని గేమ్ మనకు చెప్పదు. శిక్షించమనీ చెప్పదు. మూడేళ్ల కిందట జబ్బుతో పోయిందని తనకి తానే చెప్పుకున్న మనిషిని మన చేతికిచ్చి నడిపించమంటుంది.

ఏంజెలాని కూడా మర్చిపోవద్దు. మంటల్లో ఉన్న మెట్ల మీద నిలబడి, నాకు ఎప్పుడూ ఇలాగే కనిపిస్తుంది అనే అర్థం వచ్చేలా అంటుంది. అదే ఊళ్లో లారా మాత్రం దేనికీ భయపడకుండా తిరుగుతుంది, ఆ పిల్లకి అక్కడ రాక్షసులే లేరు. ఎవరి ఊరు వారిది. కన్నతండ్రి చేతిలో నలిగిపోయిన ఆడపిల్ల కథని 2001లో ఒక వీడియో గేమ్ అంత మర్యాదగా, ఒక్క చోట కూడా వేడుక చేయకుండా చెప్పిందంటే రాసిన హిరోయుకి ఓవాకుకి దండం పెట్టాలి.

రెండూ ఆడినవాణ్ణి, తిరుపతి

అక్కా, ఏంజెలా విషయంలో మీ మాటే నా మాట. ఆ మెట్ల సీన్ రెండిట్లోనూ చూశాను, పాతదాంట్లో మొహాలు సరిగ్గా కదలకపోయినా గొంతు సరిపోయింది. కొట్లాట మీద మాత్రం నా అభిప్రాయం మారలేదు.

కొర్లగుంట కుర్రోడు, తిరుపతి

అక్కా, ఇలా నేను ఆలోచించలేదు. మళ్లీ ఆడాలని ఉంది. కావాలని మేరీ ఫోటో చూస్తూ ఆడితే రూమ్మేట్‌కి వచ్చిన ముగింపు వస్తుందా? సేవ్ ఎక్కడినుంచి మొదలుపెట్టాలి?

పీఎస్2 పాత కాపు, చిత్తూరు

వస్తుంది. చివరి సేవ్ నుంచి వద్దు, లెక్క మొత్తం ఆటది కాబట్టి కొత్తగా మొదలుపెట్టు. కొట్లాట, పజిల్స్ కష్టం విడివిడిగా ఎంచుకోవచ్చు కదా, కొట్లాట ఈజీలో పెట్టుకో, పజిల్స్ మాత్రం హార్డ్‌లో పెట్టు, అపార్ట్‌మెంట్‌లో నాణేల పద్యం కూడా మారిపోతుంది. దెబ్బ తగిలితే వెంటనే మందు తాగించు, కత్తి జోలికి పోవద్దు, కారిడార్లో పూర్తిగా ఆగి విను. ఇంకో పని చెయ్యి, మధ్య మధ్యలో మేరీ ఉత్తరం తెరుస్తూ ఉండు, ఆట ముందుకెళ్లేకొద్దీ ఆ కాగితం మీద ఏమవుతుందో చూసి ఇక్కడ రాయి.